వదలాల్సింది ఆ ఫార్వర్డ్‌ను, మెట్రాయిడ్ 2ను కాదు

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఐదుగురు పంపారు. మొదట హాస్టల్లో నా రూమ్మేట్, చివరికి మా పెద్దమ్మ కొడుకు. "మెట్రాయిడ్ కొత్తగా ఆడేవాళ్లకు గైడ్" అట. మెట్రాయిడ్ అంటే నింటెండో వీడియో గేమ్‌ల వరుస, మెట్రాయిడ్‌లు అనే ప్రమాదకరమైన జీవులతో సామస్ అనే కవచధారి పోరాటం. రెండో గేమ్‌లో సామస్ వాటి గ్రహానికే దిగి జాతిని మొత్తం చంపాలి. మొదటిది ఆడండి, 1991లో గేమ్‌బాయ్ అనే చేతి యంత్రానికి వచ్చిన రెండోదాన్ని, అంటే 'రిటర్న్ ఆఫ్ సామస్'ను వదిలేయండి, నేరుగా మూడోదైన సూపర్ మెట్రాయిడ్‌కు వెళ్లిపోండి అని సారాంశం. ఎందుకు వదలాలో ఆరు కారణాలు, ఒక్కోదానికీ ఒక ఎర్ర ఇంటూ గుర్తు. మా అన్నయ్య దాని కింద "నువ్వు ఎప్పుడూ గొప్పగా చెప్పేది దీని గురించేనా?" అని నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టాడు. దీని గురించే అన్నయ్యా.

ముందు తేలిగ్గా పోయేవి. "సామస్ ఆడమనిషి అని ఈ గేమ్‌లోనే మొదటిసారి తెలుస్తుంది, ఉన్న విశేషం అదొక్కటే" అన్నాడు ఆ మెసేజ్ రాసినాయన. అది తెలిసింది 1986లో, మొదటి గేమ్ చివర్లో. ఆడమని సిఫారసు చేసిన గేమ్‌నైనా ఈయన పూర్తిచేశాడా అని నా అనుమానం.

"గేమ్‌బాయ్ అమ్ముకోవడానికి చేతికొచ్చినట్టు చుట్టేశారు" అన్నది ఇంకోటి. గేమ్‌బాయ్‌ని తయారుచేసిన నింటెండో ఆర్ అండ్ డి 1 విభాగమే ఈ గేమ్‌నూ చేసింది. నిర్మాత గున్‌పేయ్ యోకోయ్. ఆ యంత్రం ఎంత బరువు మోయగలదో వీళ్లకంటే తెలిసినవాళ్లు అప్పుడు ఎవరున్నారు?

"సంగీతం బీప్ బీప్ తప్ప ఏమీ లేదు." గ్రహం పైభాగంలో వచ్చే పాటను ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినమనండి. లోపలికి దిగాక పాట విడిపోయి చప్పుళ్లుగా మారుతుంది, నిజమే. మనం దిగింది పెళ్లి పందిట్లోకి కాదు కదా.

"బ్లాక్ అండ్ వైట్, ఏమీ కనబడదు" అన్నదానికి కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే ఒక మంచి సంగతి ఉంది. తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగే ఛాయలు. మొదటి గేమ్‌లో వేరియా సూట్ అనే బలమైన కవచం వేసుకుంటే సామస్ రంగు మారేది. ఇక్కడ మార్చడానికి రంగేదీ? అందుకని సూట్ ఆకారమే మార్చేశారు, భుజాల మీద రెండు గుమ్మడికాయలంత గుండ్రటి కవచాలు పెట్టారు. ఇవాళ సామస్ బొమ్మ గీయమంటే ఎవరైనా ముందు గీసేది ఆ భుజాలనే. రంగు లేని తెర వల్ల పుట్టిన భుజాలు అవి. మెసేజ్ రాసినాయన ప్రొఫైల్ ఫోటోలో ఉన్నవి కూడా.

పైగా ఆ చిన్న తెర మీద సామస్ బొమ్మ పెద్దది. చుట్టూ కనిపించే చోటు తక్కువ. కింద యాసిడ్, పైన చీకటి, నేల మీద ఖాళీగా పడి ఉన్న ఒక కుబుసం. మెట్రాయిడ్ దాన్ని విడిచి పెద్దదై పక్కనే ఎక్కడో ఉందన్నమాట. రెండడుగులు వేసేదాకా అది కనబడదు. ఆ భయం పెద్ద తెర మీద రాదు.

"మ్యాప్ లేదు కాబట్టి డిజైన్ చెత్త." మ్యాప్ మొదటి గేమ్‌లోనూ లేదు మహానుభావా! దాన్ని ఎందుకు ఆడమన్నారు మరి? అమెరికాలో అమ్మిన మొదటి గేమ్‌కి సేవ్ కూడా లేదు, అంత పొడుగు పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోవాలి. సేవ్ స్టేషన్లు వచ్చిందే రెండోదాంట్లో. దారి చూపించడానికి ఇక్కడ వేరే ఏర్పాటు ఉంది. తెర కింది మూలలో ఒక అంకె ఉంటుంది, మిగిలిన మెట్రాయిడ్‌లు ఎన్నో చెబుతూ, 39తో మొదలై. ఒక ప్రాంతంలో ఉన్నవన్నీ చచ్చాక భూమి కంపిస్తుంది, యాసిడ్ కిందికి దిగుతుంది, అడుగున కొత్త దారి తెరుచుకుంటుంది. ఇల్లు ఖాళీ చేసినకొద్దీ కింది అంతస్తు తలుపు తీస్తున్నట్టు. ఇంతకంటే తేలికైన గుర్తు ఏం కావాలి? చంపు, దిగు. అంతే.

ఇక ఆఖరిది. మిగతా ఐదూ ఎలా పోయినా నాకు పర్వాలేదు, దీంతో మాత్రం పడలేను. "కథకు దీంతో సంబంధం లేదు, పైగా 2017లో 3డీఎస్‌కి రీమేక్ వచ్చింది, పాతదానితో పనేముంది" అని. (3డీఎస్ అంటే నింటెండో తర్వాత తెచ్చిన చేతి యంత్రం.)

కథకు సంబంధం లేదట! (ఇక్కడి నుంచి చివరి సీన్లు చెప్పేస్తున్నాను. ఆడాలనుకునేవాళ్లు ఈ నాలుగు పేరాలు దాటేయండి.) సూపర్ మెట్రాయిడ్ మొదలయ్యేదే ఈ గేమ్‌లో దొరికిన పిల్ల మెట్రాయిడ్‌ను సామస్ పాత శత్రువు రిడ్లీ ఎత్తుకుపోవడంతో. 2002లో వచ్చిన మెట్రాయిడ్ ఫ్యూజన్‌లో సామస్ ప్రాణం నిలిచింది ఆ పిల్ల కణాలతో చేసిన టీకా వల్ల. అదే ఫ్యూజన్‌లో ఇంకో నిజం బయటపడుతుంది. ఎక్స్ అనే పరాన్నజీవుల్ని అదుపులో ఉంచడానికే చోజోలు అనే ప్రాచీన జాతి వాళ్లు మెట్రాయిడ్‌లను సృష్టించారు, సామస్ వెళ్లి వాటిని తుడిచిపెట్టేసరికి ఎక్స్‌కు అడ్డు లేకుండా పోయింది. అంటే తర్వాతి కష్టాలన్నీ ఈ గేమ్‌లో మన చేతులతో మనం చేసినవే. దీన్ని వదిలేసి మిగతావి ఆడటమంటే అరణ్యవాసం తీసేసి నేరుగా లంకకు వెళ్లడం.

రీమేక్ సంగతి. అది మంచి గేమే, నేను రెండుసార్లు పూర్తిచేశాను. మ్యాప్ ఉంది, ఎదురుదెబ్బ కొట్టే బటన్ ఉంది, బాగా ఎదిగిన ఒమేగా మెట్రాయిడ్‌తో పోరు పాతదానికంటే వంద రెట్లు బాగుంటుంది. కానీ చివర్లో ఏం చేశారు? సామస్ ఓడ దగ్గరికి చేరగానే రిడ్లీని దింపి పెద్ద ఫైట్ పెట్టారు. మన కమర్షియల్ సినిమా క్లైమాక్స్‌లాగా, టికెట్ డబ్బులు గిట్టాలి కదా అని.

పాతదాంట్లో మెట్రాయిడ్‌ల రాణి చచ్చాక ఇంకేమీ ఉండదు. పైకి వెళ్లే దారిలో గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. మొదట కళ్లబడింది నువ్వే కాబట్టి నిన్నే అమ్మ అనుకుంటుంది. జాతిని మొత్తం చంపడానికి వచ్చిన మనిషిని! ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. చంపాలా వద్దా అని అడిగే బటన్ లేదు. ముందుకు వెళ్తే నీ దగ్గరున్న ఏ ఆయుధానికీ లొంగని అడ్డు ఎదురవుతుంది. ఆ పిల్ల వెళ్లి దాన్ని తింటుంది. ఇంకో అడ్డు, మళ్లీ తింటుంది. ఒక్క శత్రువు కూడా రాడు. ఇద్దరూ మెల్లగా పైకి ఎక్కుతారు, ఓడ వస్తుంది, అయిపోతుంది.

గేమంతా కాల్చి కాల్చి అలసిన వేలికి ఆ చివరి నిమిషాల్లో కాల్చడానికి ఏమీ ఉండదు. నేను మొదటిసారి ఆడినప్పుడు అలవాటుకొద్దీ ఖాళీ గోడల్ని కాల్చుకుంటూ పోయాను. రిడ్లీని తెచ్చి పెట్టాక ఈ సీను అర్థమే మారిపోయింది. అలాంటిది "పాతదానితో పనేముంది" అంటాడా?

అన్నట్టు, ఎవరికీ నచ్చని గేమ్‌ని ఒక అభిమాని ఏళ్ల తరబడి సొంతంగా మళ్లీ నిర్మించి 2016లో విడుదల చేస్తాడా? నింటెండో లీగల్ నోటీసులతో డౌన్‌లోడ్ లింకులు తీయించిందనుకోండి, అది వేరే కథ.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, మెసేజ్‌లో రాయనిదే అయినా. పోరాటాలు విసుగు. చాలా మెట్రాయిడ్‌లు ఒకే రకం, మిసైళ్లు కొట్టు, తప్పుకో, మళ్లీ కొట్టు. మిసైళ్లు అయిపోతే నింపుకోవడానికి వచ్చిన దారినే వెనక్కి నడవాలి. మధ్యలో ఒకచోట గుహలన్నీ ఒకేలా ఉండి నేను కూడా రెండు రోజులు పక్కన పడేశాను. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఆ మెసేజ్‌కి నేను నోరెత్తేవాణ్ని కాదు.

అన్నయ్యా, నీ నింటెండో స్విచ్‌కి ఆన్‌లైన్ సభ్యత్వం ఉంది కదా, 2023 నుంచి గేమ్‌బాయ్ జాబితాలో ఇది కూడా ఉంది. ఆ మూలనున్న అంకె 1కి వచ్చాక ఒక గది ముందుకు వెళ్లి, అప్పుడు ఫోన్ చెయ్. "అయిపోవచ్చింది" అని చెప్పడానికి ముందే చెయ్యకు.