అమ్మానాన్నల కుక్కకు మనం ఫోన్లో చేసే వైద్యం

గత వేసవిలో ఇక్కడ అమెరికాలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే విజయవాడలో ఉదయం ఏడు గంటలకు, సత్యనారాయణపురం నుంచి నాన్నగారు ఒక ఫోటో పంపారు. మొజాయిక్ గచ్చు మీద మెత్తని మలం, దాని చుట్టూ గుడ్డు తెల్లసొనలాంటి జిగట, ఆ జిగటలో దారపు పోగుల్లా రెండు మూడు నెత్తుటి చారలు. మా పామరేనియన్ బుజ్జికి తొమ్మిదేళ్ళు. "వేడి చేసిందిరా, రెండు రోజులు మజ్జిగన్నం పెడితే అదే సర్దుకుంటుంది" అని అమ్మ తేల్చేసింది. నేను అంతకంటే ఘనకార్యం చేశాను. మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ తెప్పించి సగం బిళ్ళ వెయ్యమన్నాను.

అమెరికాలో మన ఇంట్లో ఉన్న కుక్కకు ఇదే వస్తే, చీటీ లేనిదే ఆ మందు దొరకదు కాబట్టి, మారు మాట్లాడకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళతాం. బెజవాడ కుక్క విషయానికి వచ్చేసరికి మాత్రం మనమే డాక్టర్లమైపోతాం. ఈ అలవాటు పెద్దవాళ్ళ మజ్జిగన్నం కంటే ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే మజ్జిగన్నం జబ్బు లక్షణాలను దాచదు, బిళ్ళ దాస్తుంది. బుజ్జికి రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, వారం తిరక్కుండా మళ్ళీ మొదలైంది. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

రక్తం, జిగట అనేవి జబ్బు పేర్లు కావు, పేగులో ఎక్కడ ఇబ్బంది ఉందో చెప్పే ఆనవాళ్ళు. పెద్దపేగు లోపలి పొర మలం జారడానికి ఎప్పుడూ కొంత జిగటను ఊరుస్తూనే ఉంటుంది, అది వాచినప్పుడు ఆ ఊట ఎక్కువై మనకు కనబడుతుంది. అటువంటప్పుడు కుక్క మాటిమాటికీ బయటికి పరుగెత్తి, ముక్కిముక్కి కాస్తకాస్తగా వెళుతుంది, వచ్చే రక్తం తాజాగా ఎర్రగా ఉంటుంది. కడుపులోనో చిన్నపేగులోనో కారిన రక్తం కిందికి వచ్చేసరికి అరిగి, నల్లగా తారులా మారిపోతుంది. పెద్దవాళ్ళలో చాలామంది భయపడేది ఎరుపును చూసి, నలుపును ఐరన్ టానిక్కు ఖాతాలో వేసి వదిలేస్తారు. కాలు కుంటుతోందని మనుషుల నొప్పి బిళ్ళలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసిన ఇళ్ళలో కుక్క కడుపు పుండుపడి వచ్చేది ఆ నలుపే.

పెద్దపేగు వాపుకు మన ఇళ్ళలో తరచు కనబడే కారణం ఆదివారం. మాంసం కూరలోని మసాలా, కొవ్వు, ఉడికి పెళుసెక్కిన ఎముక ముక్కలు పేగును గీరుతాయి. పెద్ద కుక్క హుషారుగా ఉండి, తింటూ తాగుతూ, ఒక్కసారి మాత్రం ఎర్రచార కనబడితే, ఉప్పూకారం లేని అన్నంలో ఉడికించిన కోడిమాంసం కలిపి పెట్టి ఒక రోజు చూడడంలో తప్పులేదు. చాలా విరేచనాలు యాంటీబయోటిక్ అవసరం లేకుండానే తగ్గుతాయి కనుక, ఈ మధ్య పశువైద్యులు కూడా ఆ మందు రాయడానికి తొందరపడడం లేదు.

పిల్లకుక్క విషయంలో ఈ ఓపిక పనికిరాదు. 1978లో ప్రపంచమంతా పాకిన పార్వో వైరస్ ఇప్పటికీ టీకాలు పడని కుక్కపిల్లలను గంటల వ్యవధిలో కుంగదీస్తుంది. వాంతులు, తిండి మానడం, ఆపైన దుర్వాసనతో నెత్తుటి విరేచనం. నీరు, లవణాలు ఒంట్లోంచి పోయే వేగానికి సెలైన్ ఒక్కటే నిలబడుతుంది, ఆ పూటే ఆస్పత్రికి చేర్చాలి. రిటైరైన అమ్మానాన్నలకు తోడుంటుందని ఇక్కడినుంచే డబ్బు పంపి పిల్లను కొనిపించేవాళ్ళం, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయించవలసిన టీకాల సంగతి చెప్పకపోవడం మన తప్పే. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి ఒక పిల్ల పోయిన పెరట్లోకి వెంటనే మరో పిల్లను తేవడం కూడా తప్పే.

అమ్మ చెప్పిన "వేడి"లో ఒక నిజముంది. బెజవాడ మే నెల ఎండలో డాబా మీద కట్టేసిన కుక్కకు వడదెబ్బ తగిలితే నెత్తుటి విరేచనాలు అవుతాయి. కాకపోతే అది మజ్జిగతో తీరేది కాదు, ప్రాణాపాయం. గోమార్లు అంటించే ఎర్లీషియా జ్వరంలో రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతాయి, అప్పుడు ముక్కునుంచి కారినట్టే మలంలోనూ రక్తం పడవచ్చు. ఎలుకల మందు తిన్న కుక్క కూడా మూడు నాలుగు రోజులు మామూలుగానే తిరిగి, తరువాతే రక్తస్రావం మొదలుపెడుతుంది. ఈ రెండింటికీ మెట్రోనిడజోల్‌తో ఏ సంబంధమూ లేదు.

చివరికి గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళమని మా పక్కింటి బాబాయిగారు పోరితే, నాన్నగారు కడిగి ఆరబెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తెల్లవారి మలం పట్టుకుని బయలుదేరారు. మొదటి పరీక్షలో ఏమీ కనబడలేదు. మలంలో గుడ్లు ప్రతిరోజూ పడవని, మళ్ళీ తెమ్మని డాక్టరుగారు చెప్పారట. రెండోసారి పెద్దపేగులో ఉండే కొరడా పురుగు గుడ్లు దొరికాయి. పురుగుల మందు ఫెన్‌బెండజోల్ మూడు రోజులు వాడి, మూడు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి మళ్ళీ వేయాలి. ఆ గుడ్లు నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి కనుక, పెరట్లో పడిన మలాన్ని ఏ పూటకాపూట ఎత్తేయాలి. పనిలో పనిగా అమ్మ ఉత్తకాళ్ళతో పెరట్లోకి వెళ్ళడం కూడా మానిపించారు. కుక్కల కొక్కెపు పురుగు పిల్లలు మనిషి పాదాల చర్మంలోకి దూరతాయని డాక్టరుగారు చెప్పింది ఆవిడ చెవిన బాగా పడింది.

ఇప్పుడు ఫోటో వస్తే నేను అడిగేవి వేరు. రంగేమిటి, రోజుకు ఎన్నిసార్లు, వాంతి అయిందా, నీళ్ళు తాగుతోందా, చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయా పాలిపోయాయా అని అడిగి, ఆ జవాబులు డాక్టరుగారికే చెప్పమంటాను. మూడు నెలల మందు తేదీ నా ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ప్లాస్టిక్ డబ్బా మాత్రం అటకమీదే ఉంది. ఎవరూ పొరబాటున పచ్చడి వేయకుండా అమ్మ దాని మీద మార్కరుతో "బుజ్జిది" అని రాసింది.