16 ఎం.ఎం. లెన్సు గారికి

మహారాజశ్రీ వైడ్ యాంగిల్ లెన్సు గారి సముఖానికి, బరంపురం నుంచి మిమ్మల్ని భుజాన మోసే ఫొటోగ్రాఫరు రాసుకునేది.

మీ చూపు 107 డిగ్రీలు. నా 50 ఎం.ఎం. లెన్సుది 47కి మించదు. అందుకే ఇళ్ల ముందు తోటలు వేసే కాంట్రాక్టర్లకి మీరంటే అంత ప్రాణం. మొన్న గోపాలపురం దారిలో మూడు సెంట్ల జాగాని గోల్ఫ్ మైదానం చేసేశారు. వాట్సాప్‌లో ఆ ఫొటో చూసి విశాఖ నుంచి దిగిన ఇంటాయన బావమరిది, గేటు దాటి నాలుగడుగులేసి "తోట వెనకవైపా బావా?" అన్నాడు. అప్పటికి ఆయన తోట మధ్యలోనే ఉన్నాడు.

అంచున నిలబడ్డ వాళ్లని అడ్డంగా సాగదీయడం మీకు మహా సరదా. ఆ ఇంటి మామ్మగారు ఫొటో చూసుకుని "నేనింత లావా నాయనా?" అని బెంగపెట్టుకున్నారు. లెన్సు వల్ల అంటే నమ్మరే! నీళ్ల ట్యాంకుని మాత్రం పోనీ అని వదలరు. పక్కింటి డాబా, కరెంటు తీగలు, ఆరేసిన లుంగీ అన్నీ మీకు కావాలి. మెరుపు తగ్గుతుందని మీ ముందు పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే ఆకులు బాగానే వస్తాయి, ఆకాశం మాత్రం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క వెలిసిన చీర.

పైగా మీ కోసం ఎంత హంగామా! సాయంత్రం ఎండ పల్చబడే అరగంట ముందు కాంట్రాక్టరు కుర్రాడు పైపు పట్టుకుని బండలన్నీ తడుపుతాడు, తడిస్తే రంగు తేలుతుందని. కడియం నర్సరీ చీటీ ఇంకా ఊడని క్రోటన్ కుండీలు ఆటోలో దిగుతాయి. ఫొటో అవగానే అదే ఆటో ఎక్కుతాయి. "రేపు ఇంకో ఇంటికి కావాలండీ" అంటాడు. ఇంతలో ఉప్పుగాలికి మీ ముఖం మీద జిడ్డు. తుడిచేది నేను.

ఇవన్నీ భరిస్తాను గానీ ఆ మొగలి కంచె సంగతే మింగుడు పడటం లేదు. గంజాం జిల్లా మొగలి అత్తరుకి దేశమంతా పేరు. మన దగ్గర పొలం గట్ల మీద అదే కంచె. ఆ ఇంటి వెనక కంచె 2013లో ఫైలిన్ తుఫానుకి కూడా తట్టుకుంది, జేసీబీకి తట్టుకోలేదు. ముళ్లట, పాములొస్తాయట, ఫొటోలో చిందరవందరగా ఉంటుందట. ఆ చోట ఇప్పుడు పచ్చగడ్డి పరిచారు. మీరు దాన్ని పొలమంత చేసి చూపించారు. రోజూ రెండు పూటలా నీళ్లు పోసే పనిమనిషి మీ 107 డిగ్రీల్లో ఎక్కడా లేదు. పక్కకి జరగమన్నారు లెండి.

వచ్చే వారం ఛత్రపురంలో పని. అక్కడ కంచె ఇంకా కొట్టలేదట. ముళ్లూ పొత్తులూ దగ్గర నుంచి తీద్దామని 50 పట్టుకెళ్తున్నాను. మీరు సంచీలోనే ఉండండి, ఇంటాయన అడిగితేనే బయటికి రండి.

అడుగుతాడు లెండి.