మహారాజశ్రీ 80 నంబరు సాండ్ పేపర్ గారికి

మహారాజశ్రీ 80 నంబరు సాండ్ పేపర్ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ కుశలమంతా మీ వైపే ఉండిపోయింది కనుక నేరుగా విషయానికి వస్తాను. నిన్న ఆదివారం మధ్యాహ్నం మా ఉయ్యాల బల్లకి వాల్‌నట్ రంగు స్టెయిన్, అదే చెక్కలోకి ఇంకే రంగు, వేశాను. గుడ్డ ముంచి అలా ఒక్క లాగు లాగానో లేదో, ఈ చివర నుంచి ఆ చివర దాకా మీరు చేసి పెట్టిన సంతకాలన్నీ నల్లగా తేలాయి. మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, కాసేపు చూసి, "ఏట్రా ఇది, పిల్లి గాని రక్కిందేటి?" అంది. పిల్లయినా బాగుండేది. దాన్ని తరిమేయొచ్చు.

అది అల్లాటప్పా బల్ల కాదండి. టేకు. మా తాతగారు చేయించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీద పడ్డప్పుడు హాల్లో కిటికీ అద్దాలు పగిలి, వాన ఇంట్లోకే కొట్టి, కరెంటు లేని ఆ రోజుల్లో నీళ్లలోనే నానింది. ఆ తర్వాత మేడ మీద ఎండకి ఎండి బూడిదరంగుకి తిరిగింది. ఇన్ని పడ్డా ఒంటి మీద ఒక్క గీత లేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలి చెయ్యని పని అరచేతిలో పట్టే కాగితం ముక్క చేసి చూపించింది. అభినందనలు.

మిమ్మల్ని నా చేతిలో పెట్టిన షాపాయన మాటిచ్చాడు. "80ది ఒకటి, 220ది ఒకటి పట్టుకెళ్లండి బాబూ. ముందు దాంతో లాగండి, తర్వాత దీంతో లాగండి. నున్నగా వచ్చేస్తాది." మధ్యలో 120, 150, 180 అని మీ తోబుట్టువులున్నారని ఆయన చెప్పలేదు. పోనీ మీరైనా చెప్పారా? మీ వీపు మీద ఉన్నదల్లా ఒక అంకె. అదీ తిరకాసు అంకె. రాపిడి రేణువుల్ని జల్లించే జల్లెడకి అంగుళంలో ఎన్ని కన్నాలుంటాయో దాన్నిబట్టి నంబరట. కాబట్టి నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందట. ఇది రాయడానికి మీ వెనక చోటు చాల్లేదు గానీ కంపెనీ బొమ్మకి మాత్రం బోలెడు చోటు దొరికింది.

మీరు మొరటువారని నా ఫిర్యాదు కాదు. పాత వార్నిష్ వలుస్తారనే కదా తెచ్చుకున్నాను. నా బాధంతా మీరు దాచిన తీరు గురించి. మీరు వెళ్తూ వెళ్తూ చెక్కలోకి గాళ్లు తవ్వి పోతారు. వెనక 220 గారు వచ్చి ఆ గాళ్ల గట్లని మాత్రం ముద్దుగా నిమురుతారు. అడుగు దాకా దిగే ఓపిక ఆయనకి లేదు. ఈలోగా రుద్దిన పొడి వెళ్లి ఆ సందుల్లో కూరుకుని పైకి చదునుగా సర్దుకుంటుంది. చెయ్యి పెడితే నునుపు. కంటికి నునుపు. నేను చెంప ఆనించి కూడా చూశాను. అమ్మ చెయ్యి వేసి "బాగొచ్చిందిరా" అని మెచ్చుకుంది. అందరం నమ్మాం. రంగు పడగానే ఆ పొడి తడిసింది, లోతున్న చోటల్లా రంగు గడ్డకట్టుకుని కూర్చుంది. చెక్క నార వాటానే రుద్దాను, ఒక్కసారి కూడా అడ్డంగా లాగలేదు. అయినా ఇదీ సంగతి.

ముందు రోజు రాత్రి టార్చి పక్క నుంచి వాలుగా వేసుంటే ఆ గీతలన్నీ నీడలు పడి కనపడేవని పాలిష్ మేస్త్రి ఇవాళ ఫోన్‌లో తాపీగా సెలవిచ్చాడు. ఇవాళ!

ఇక గారూ గీరూ నా వల్ల కాదు. ఏంటి నీ ఉద్దేశం? తప్పు జరుగుతున్నప్పుడు చెప్పవు, జరిగాక చెప్పవు, స్టెయిన్ డబ్బా మూత తీసి, గుడ్డ ముంచి, వెనక్కి తిరగడానికి దారి లేకుండా అయ్యాక అప్పుడు బయటపడతావా? కొన్నాళ్లయితే భుజాల నొప్పి పోతుంది. బీచ్ గాలికి ఆ పొడంతా ఎగిరి పై వాటా ఆంటీ ఆరేసిన చీరల మీద పడితే, ఆవిడ అన్న మాటలూ మర్చిపోతాను. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థలే తేల్చి చెప్పాయని మాస్కు కట్టుకుని, దాని వెనక చెమటలో ఈదాను, అదీ పోనీ. టేకులో ఉన్న నూనె నీ మొహానికి అతుక్కుని, కాసేపటికే నువ్వు నున్నగా, బల్ల గరుకుగా మిగిలిపోవడం కూడా క్షమిస్తాను. "స్టీల్ ప్లాంట్ ఉన్న ఊళ్లో చెక్క సామాను ఏటి బావా" అని మా బావమరిది వేసిన జోకు కూడా. ఆ నునుపు ఒక్కటే క్షమించలేను. అది అబద్ధం.

ఏటికొప్పాకలో లక్క బొమ్మలకి మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. ఉత్త ఆకు! అది ఎవర్నీ ఇలా ముంచినట్టు నేనెక్కడా వినలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ 120, 150, 180 తెచ్చాను. బల్లకి అడుగు వైపున, గొలుసు కొక్కెం పక్కన, అరచెయ్యంత మేర వరసగా లాగి, ఒక్కో నంబరుకీ పొడి తుడిచి, టార్చి వేసి చూసి, ఆ తర్వాతే రంగు అద్దాను. గీతల్లేవు. ముదురు గోధుమ రంగు మీద సన్నటి నల్ల చారలు. టేకు అంటే ఇదీ అనిపించింది. అంతా నీ తోబుట్టువుల చలవ. నీకు అందులో పావు వాటా కూడా ఇవ్వను.

ఇవ్వను అనుకుంటూనే మళ్లీ మేస్త్రికి ఫోన్ చేశాను. పై వైపు దిగిన స్టెయిన్ పోవాలంటే గీతల అడుగు దాకా చెక్క తీసెయ్యాలట. దానికి మళ్లీ నువ్వే కావాలట. 80తోనే మొదలట. వచ్చే ఆదివారం కలుద్దాం. షాపాయన్ని మాత్రం వెంట తీసుకురావద్దు.

ఇట్లు,
వేలి కొసలు అరిగిపోయి సొంత ఫోన్‌కే అపరిచితుడైన,
ఎంవీపీ కాలనీ వాసి