డ్రైవర్ విరామంలో చూసే ఊరు కాదు సాలిస్‌బరీ

బ్రిటన్‌లో మన తెలుగు సంఘాలు వేసవిలో వేసే బస్సు యాత్రల్లో ఒకటి మాత్రం ఏళ్ల తరబడి మారదు. పొద్దున్నే లండన్‌లో బయల్దేరి స్టోన్‌హెంజ్ ఆదిమకాలపు రాతివలయం, తర్వాత బాత్, మధ్యలో సాలిస్‌బరీ. కరపత్రంలో మూడు ఊళ్లు కనిపిస్తాయి కాబట్టి టికెట్లు బాగానే అమ్ముడవుతాయి. అసలు సంగతేమిటంటే, నాలుగున్నర గంటలు బండి నడిపాక కోచ్ డ్రైవర్ చట్టప్రకారం 45 నిమిషాలు ఆగి తీరాలి. ఎలాగూ ఆగాలి గనక సాలిస్‌బరీలో ఆగుతాం. టాయిలెట్ల క్యూకు పావుగంట, అక్కడి కెథీడ్రల్ (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) శిఖరం ఫ్రేములోకి వచ్చేలా గ్రూప్ ఫొటోకు పది నిమిషాలు. లోపలికి టికెట్ ఉందని తెలిసి సగంమంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

ఈ పద్ధతి మానేద్దాం. స్టోన్‌హెంజ్‌కు మరో రోజు పెట్టుకోవచ్చు. అక్కడ టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది, విజిటర్ సెంటర్ నుంచి రాళ్ల దాకా మైలు పైగా షటిల్ బస్సులోనో నడిచో పోవాలి, ఎంత తొందరపడినా రెండు గంటలు పడుతుంది. సాలిస్‌బరీకి పూర్తి రోజు ఇవ్వాలి. అసలు బస్సే అక్కర్లేదు, లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైలుంది, దాదాపు గంటన్నర ప్రయాణం. స్టేషన్ నుంచి కెథీడ్రల్‌కు తీరిగ్గా నడిచినా పావుగంటే.

ఈ కెథీడ్రల్‌కు పునాది రాళ్లు వేసింది 1220 ఏప్రిల్ 28న. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆ శాసనం వేయించే నాటికి ఇక్కడి మతాధికారులు ఇంకా ఓల్డ్ సారం అనే పాత ఊరి కొండమీదే ఉన్నారు. గాలి ఎక్కువ, నీళ్లు తక్కువ, పక్కనే ఉన్న కోట సైనికులతో రోజూ తగాదా. చివరికి బిషప్ రిచర్డ్ పూర్ కొండ దిగి, నది ఒడ్డున పచ్చికబయళ్లలో కొత్త కెథీడ్రల్ కట్టించాడు. 1258కల్లా ప్రధాన కట్టడం ప్రతిష్ఠ అయిపోయింది. ఇంగ్లండ్‌లో చాలా కెథీడ్రళ్లు మూడు నాలుగు శతాబ్దాల అతుకులతో ఉంటాయి, ఇది మాత్రం ఒకే చేతి పనిలా కనిపించడానికి కారణం ఆ 38 ఏళ్లే.

ఇంత కట్టడానికి పునాది లోతు దాదాపు నాలుగు అడుగులు. రామప్ప ఇసుక మీద నిలబడినట్టు ఇది నీళ్లలో నానిన కంకర పొర మీద నిలబడింది. కంకర తడిగా ఉన్నంతకాలం బరువు మోస్తుంది, ఎండితే కుంగుతుందని భయం. అందుకే లోపల నేలమీద ఒక పలక లేపి, కర్ర దించి నీటిమట్టం చూస్తుంటారు. అది ఎక్కడుందో వాలంటీర్ గైడ్‌ను అడగండి. అడగకపోతే దాని మీదుగానే నడిచి వెళ్లిపోతారు.

మొదటి కట్టడంలో ఈ శిఖరం లేదు. 14వ శతాబ్దం మొదట్లో పొడవాటి గోపురం, దానిమీద రాతి శిఖరం ఎక్కించారు. మొత్తం ఎత్తు 123 మీటర్లు, అదనంగా పడిన బరువు సుమారు 6,500 టన్నులు. కింది స్తంభాలు ఈ బరువుకు లెక్కకట్టినవి కావు. గోపురం కింద నాలుగు పెద్ద స్తంభాల నడుమ నిలబడి, ఒకదాని వెంట చూపును నెమ్మదిగా పైదాకా పోనివ్వండి. వంపు మీ కళ్లలో లేదు, రాయిలోనే ఉంది. 1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కొలిస్తే శిఖరం నిట్టనిలువు నుంచి 29.5 అంగుళాలు పక్కకు ఒరిగిందని తేలింది. 1951లో మళ్లీ కొలిస్తే అంతకంటే కదల్లేదు.

ముదురు రంగులో నిగనిగలాడే సన్నని స్తంభాలను పర్బెక్ మార్బుల్ అంటారు. పాలరాయి కాదు, మెరుగు పట్టిన సున్నపురాయి. ఫోన్ టార్చ్ పక్కనుంచి పడేలా పట్టుకుంటే అందులో వేలిగోరంత మంచినీటి నత్తగుల్లలు గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. పిల్లలకు బోరు కొడుతుందని భయపడేవాళ్లు ముందు ఇక్కడికి తీసుకురండి.

మాగ్నా కార్టా, అంటే ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం, కెథీడ్రల్ మతాధికారుల సభామందిరమైన చాప్టర్ హౌస్‌లో ఉంటుంది. 1215 నాటి అసలు ప్రతులు నాలుగే మిగిలాయి, బాగా నిలిచినది ఇదే అంటారు. ఒకే ఒక చర్మపత్రం, సందు లేకుండా కుదించిన లాటిన్ రాత. వెలుతురు తక్కువ, ఫొటో తీయనివ్వరు. న్యాయాన్ని అమ్మబోము, నిరాకరించబోము, ఆలస్యం చేయబోము అనే 40వ నిబంధన అర్థం ముందే చదువుకుని వెళ్తే క్యూలో నిలబడ్డందుకు ఫలితం ఉంటుంది. ముఖం, ముళ్లు లేని పాత గడియారం కూడా చూడండి, 1386 నాటిదంటారు. గంటలు కొట్టడం తప్ప దానికి వేరే పని లేదు.

గోపురం టూర్ విషయంలోనే గుంపులు ఎక్కువగా దెబ్బతింటాయి. 332 మెట్లు, చివర్లో ఇరుకైన మెలిక మెట్లు. విడతకు కొద్దిమందినే పంపుతారు, గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు. యాభైమందితో వచ్చి అప్పటికప్పుడు అడిగితే దొరకదు. వారాల ముందే బుక్ చేసి, ఎక్కేవాళ్ల పేర్లు విడిగా రాసుకోవాలి. పిల్లలకు వయసు, ఎత్తు నియమాలు చూసుకోవాలి. చీర, చెప్పులు వద్దు. మోకాళ్ల నొప్పులు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లను బలవంతం చేయకండి, సగంలో వెనక్కి రావడం అందరికీ ఇబ్బంది. ఎక్కినవాళ్లకు శిఖరం లోపల మధ్యయుగం నాటి కొయ్య చట్రం కనిపిస్తుంది. కింద నిలబడి తీసే ఏ ఫొటోలోనూ అది ఉండదు.

ఎక్కనివాళ్లకు పని లేదనుకోవద్దు. కెథీడ్రల్ ప్రాకారం గోడ వెంట నడిస్తే ఓల్డ్ సారం పాత కెథీడ్రల్‌ను విప్పి తెచ్చిన చెక్కుడు రాళ్లు మామూలు రాళ్ల మధ్య దొరుకుతాయి. బజారు వైపు సెయింట్ థామస్ చర్చిలో, వేదిక ముందరి కమాను మీద, తీర్పుదినం చిత్రం ఉంది. మతసంస్కరణ కాలంలో సున్నం కొట్టి కప్పేశారు, 1819లో మళ్లీ బయటపడింది. కుడివైపు పాపుల్లో కల్తీ బీరు అమ్మిన ఆవిడను వెతకండి. మంగళవారం, శనివారం బజారు సందడి బాగుంటుంది, పార్కింగ్ మాత్రం కష్టం. సొంత కార్లవాళ్లకు ఊరి బయట కారు ఆపి బస్సులో వచ్చే పార్క్ అండ్ రైడ్ నయం. పులిహోర డబ్బాలు పచ్చిక మీద విప్పుకోవచ్చు, ఆకులూ కవర్లూ తిరిగి మోసుకెళ్లే బాధ్యత ఎవరిదో దారిలోనే తేల్చండి.

సాయంత్రం ప్రార్థన, ఈవెన్‌సాంగ్, సాధారణంగా ఐదున్నరకు. దానికి టికెట్ లేదు. మతం అడగరు, చెప్పులు విప్పనక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీస్తే చాలు. అందరూ లేచినప్పుడు లేవండి, మధ్యలో లేచి పోకండి, వీడియో తీయకండి. ఇంగ్లిష్ కెథీడ్రళ్లలో అమ్మాయిలకు సొంత గాయకబృందం మొదట ఏర్పడింది ఇక్కడే, 1991లో. బడి సెలవుల్లో వాళ్లు పాడకపోవచ్చు, తేదీ ఖాయం చేసేముందు వెబ్‌సైట్‌లో గాయకుల పట్టిక చూడాలి. ఆగస్టు యాత్రకు బదులు జూన్ శనివారం పెట్టుకోమనేది ఇందుకే. బస్సులోనే వచ్చేట్టయితే, తిరుగు బస్సు ఏడింటికని కోచ్ కంపెనీకి బుకింగ్ నాడే చెప్పండి, డ్రైవర్ పనిగంటలు వాళ్లు ముందే సర్దుకుంటారు.