సవరణ: వయొలిన్ తీగల శ్రుతి గురించి

వయొలిన్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం పోయినవారం రాసినదాంట్లో, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని నాలుగు తీగల్నీ జి, డి, ఎ, ఇ అనే స్వరాలకు బిగించుకోమన్నాను. తప్పు నాదే. అది పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లకి. మన విజయవాడలో పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది కర్ణాటక సంగీతం కాబట్టి, లావు తీగ నుంచి లెక్కపెడితే మంద్ర షడ్జం (కింది స్థాయి స), మంద్ర పంచమం (కింది స్థాయి ప), మధ్య షడ్జం (దాని పై స్థాయి స), మధ్య పంచమం, అంటే స-ప-స-ప అని ఉండాలి. షడ్జం జి దగ్గర పెట్టుకుంటే మూడో తీగ ఎ నుంచి జి కి, సన్న తీగ ఇ నుంచి డి కి దిగుతాయి. ఏ శ్రుతిలో పెట్టాలో మాత్రం మీ మాస్టారే చెప్పాలి.

సత్యనారాయణపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, నేను రాసింది చూసి తీగ బిగించే బిరడా తిప్పుతుంటే పాప చేతిలోనే సన్న తీగ టప్పున తెగిందన్నారు. మనసు చివుక్కుమంది, క్షమించండమ్మా. కొద్దిపాటి తేడా అయితే బిరడా జోలికి పోకుండా, తీగ కింది చివర ఉండే చిన్న మరతో సరిచేయండి. బిరడానే తిప్పాల్సి వస్తే లోపలికి నొక్కుతూ మెల్లగా తిప్పండి, లేకపోతే జారిపోతుంది.

ఇంకొకటి, వాయించాక కమానుని (తీగల మీద లాగే కర్రని) అలాగే పెట్టెలో పెట్టేయొచ్చని రాశాను, అదీ పొరపాటే. కమాను చివరి మర తిప్పి దాని వెంట్రుకలు వదులు చేశాకే పెట్టాలి.