టైరు చావుకు ముహూర్తం పెట్టే గేజీ గారికి

మహారాజశ్రీ ప్రెజర్ గేజీ గారికి,

ఉభయకుశలోపరి. టూల్ బాక్సులో స్పానర్ల మధ్య తమరు క్షేమమని తలుస్తాను. ఏడాదిలో ఎక్కువ కాలం గడిపేది అక్కడే గనక క్షేమానికి ఢోకా ఉండకూడదు.

మీ యజమానిగారి కారు మామూలుగా రోడ్డు మీద తిరిగినన్నాళ్లూ ఆయనకు మీతో పని పడలేదు. డ్రైవరు వైపు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ముందు ఇంత, వెనక ఇంత అని కంపెనీవాడు అచ్చేసి మరీ అంటించాడు. ఆయన దాని వంక చూడలేదు. టైరును చెప్పుకాలితో ఓ తన్ను తన్ని "చాల్లే" అనేవారు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైవే మీద వంద దాటించిన రోజున కూడా ఆ తన్నే గేజీ. ఇప్పుడు అదే టైరును ఉన్నచోటనే గిర్రున తిప్పి, పొగబెట్టి, పేల్చి పారేద్దామనుకునేసరికి మీరు గుర్తొచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, 38న్నరా లేక 39ఆ అని మిమ్మల్ని అడుగుతున్నారు. తలారి మనిషిని తూచి తాడు పొడవు లెక్కకట్టినంత శ్రద్ధ.

మీరేమో ఆ అర పాయింటును అంతే గంభీరంగా చూపిస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

ఇలా టైరును ఉన్నచోటనే తిప్పి పొగబెట్టే ఆటను బర్నౌట్ అంటారు. ఆ లోకంలో గాలి విషయమై రెండు మతాలున్న సంగతి మీకు తెలియనిది కాదు. దట్టంగా కొట్టమనేది ఒకటి, తగ్గించమనేది ఇంకొకటి. దట్టంగా కొట్టేవాళ్ల దగ్గర లెక్క ఉంది. ఒక వెనక చక్రం మీద 350 కిలోల బరువు పడుతోందనుకోండి. లోపల 35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడి కొలత, మీ పాయింటు అదే) ఉంటే గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు మోస్తుంది. అంటే నేలకు ఆనే జాగా 140 చదరపు సెంటీమీటర్లు. 50కి పెంచితే ఆ జాగా 100కు పడిపోతుంది. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) బిగువు కూడా కొంత మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే అయినా, దారి మాత్రం సరైనదే. ఇక్కడ స్కూల్లో బాగా చదువుకున్నవాడు ఎవడో లేచి, రాపిడికి తాకే వైశాల్యంతో పని లేదు కదా, 1699లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంటాన్స్ చెప్పాడు కదా అంటాడు. నిజమే, చెప్పాడు. రబ్బరు వినలేదు. అది మెత్తన. నేల గరుకులోకి దిగి పట్టుకుంటుంది. ఒకే చోట బరువు ఎక్కువ మోపితే దాని పట్టు ఆ నిష్పత్తిలో పెరగదు. అందుకే గట్టిగా గాలి కొట్టిన టైరు తొందరగా జారుతుంది. బక్క ఇంజను ఉన్నవాడికి ఇదే వరం: క్లచ్ మాడేలోపు టైరు మాడుతుంది.

తగ్గించమనే మతానికీ ఆధారం లేకపోలేదు. దట్టంగా కొట్టిన టైరు నడుమ ఉబ్బి, అక్కడే అరిగి, అంచుల్లో ట్రెడ్ (నేలకు ఆనే రబ్బరు) నవనవలాడుతుండగానే లోపలి ఉక్కు తీగలు తేలుస్తుంది. గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని మొత్తం వెడల్పునా అరుగుతుంది. అయితే పట్టు పెరిగిన ఆ టైరును జారించడానికి ఇంజనులో సరుకుండాలి. పైగా బండి పక్కకు ఊగినప్పుడు గాలి తక్కువైన టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. వీళ్లలో కొందరు, తిన్నటి దారిలో పోటీపడే డ్రాగ్ రేసువాళ్లు స్లిక్ (గాళ్లు లేని నున్నటి) టైర్లలో పది పదిహేను పీఎస్‌ఐతోనే నడుపుతారని సాక్ష్యం తెస్తారు. ఆ రేసువాళ్లు బర్నౌట్ చేసేది టైరును శుభ్రంగా, వేడిగా చేసి గీత దగ్గర అది నేలను కరుచుకునేలా చూసుకోవడానికి. వాళ్లకు ఆ టైరు ఇంకా కావాలి.

సరే, ఏదో ఒక మతం పుచ్చుకుని మీ యజమానిగారు 40 దగ్గర ఆగారనుకుందాం. తర్వాత ఏం జరుగుతుందో మీరు ఎన్నడూ చూసి ఉండరు, ఎందుకంటే అప్పటికి మిమ్మల్ని పెట్టెలో పెట్టేస్తారు. నేను చెబుతాను. లోపలి గాలి 27 డిగ్రీల నుంచి 127కి చేరిందంటే ఆ 40 కాస్తా 58 అవుతుంది. ఐదారు డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున అది ఎవర్నీ అడక్కుండా ఎక్కుతుంది. ఆ లెక్కన మీ అర పాయింటు విలువ మూడు డిగ్రీల వేడి. కారుకు ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ పడితే చాలు, అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆయన మిమ్మల్ని వాల్వుకు ఆనించినప్పుడల్లా వచ్చే ఆ 'స్సు'లో పోయే గాలి వేరే.

వేడి ఒక్కటేనా? కారు అంగుళం కదలకపోయినా టైరు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. 64 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న టైరులో ఆ వేగం దగ్గర ట్రెడ్‌లోని ప్రతి గ్రాము రబ్బరూ దాదాపు కిలో బరువున్నట్టు బయటికి లాగుతుంది. ఒక గ్రాముకి కిలో! నిలబడి ఉన్న టైరు నడుము తీరు చూసి నిర్ణయించిన మీ అంకె, తిరిగే టైరు నడుము ఉబ్బే తీరుకు ఎంతవరకు జవాబుదారీ?

ఇంకో ముచ్చట. రెండు వెనక టైర్లకూ అర పాయింటు తేడా రాకుండా ఆయన అటూ ఇటూ తిరిగి సమం చేస్తున్నారే, ఆ కారులో ఉన్నది మామూలు డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) అయితే తిరిగేది ఒకటే. రెండోది నిలబడి చూస్తుంది. తిరిగేది కూడా మీటరు చూపే వేగానికి రెట్టింపు తిరుగుతుంది: మీటరు మీద 100 అంటే అక్కడ 200. సమన్యాయం పాటించినందుకు మీకు నా అభినందనలు.

మీరు ఆనే వాల్వుకు జానెడు దూరంలోనే సైడ్‌వాల్ మీద రెండు విషయాలు పోతపోసి ఉంటాయి. ఒకటి, చల్లగా ఉన్నప్పుడు ఎంతవరకు కొట్టవచ్చో ఆ హద్దు. మామూలు కారు టైర్లకు ఎక్కువగా 44 గానీ 51 గానీ ఉంటుంది. రెండోది, టైరు పుట్టిన తేదీ: 2314 అని ఉంటే 2014లో 23వ వారం. బర్నౌట్‌కు ఎవరూ కొత్త టైర్లు బలిపెట్టరు. పగుళ్లు తేలిన ముసలి టైర్లే దొరుకుతాయి. పగుళ్లు తేలిన ముసలి టైరులో 60 దాకా కొట్టించి, దాని మొహంలో మొహం పెట్టి మిమ్మల్ని చదివే మనిషిని చూస్తే నవ్వు రాదు. అది విడిపోయినప్పుడు ఉక్కు తీగలు కొరడాల్లా తిరిగి ఫెండరును చీలుస్తాయి, బ్రేకు గొట్టాలను, ఇంధనం గొట్టాలను తెంపుతాయి. అడ్డంగా చేయి ఉంటే చేయి. ఈ విషయంలో మీరు నోరు తెరిస్తే బాగుండేది. మీకున్నది ముల్లు మాత్రమే.

నైట్రోజన్ కొట్టించుకొచ్చిన పెద్దమనుషులూ ఉన్నారట. మామూలు గాలిలో అది 78 శాతం ఉందని వాళ్లకు మీరు చెప్పనక్కర్లేదు, సంతోషంగా ఉండనివ్వండి.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 1988లో మొదలైన సమ్మర్‌నాట్స్ అనే కార్ల జాతర లాంటి చోట్ల కంచెలు కట్టి, నిప్పు ఆర్పేవాళ్లను పక్కన నిలబెట్టి ఈ పని చేస్తారు. అక్కడ చూసేది పొగ, బండి మీద అదుపు. పీఎస్‌ఐకి మార్కులేమీ ఉండవు. పని తెలిసినవాడు అదే కారు, అదే టైరు, అదే నేల మీద మళ్లీ మళ్లీ కాల్చి చూసి, అరుగుదల నడుమనో అంచులనో గమనించి తన అంకె తాను రాసుకుంటాడు. ఆ అంకె ఆ కారుదే, పక్కవాడికి పనికిరాదు. ఊరి రోడ్డు మీద ఈ విద్య చూపించేవాళ్ల బండిని అదే దేశంలో పోలీసులు ఎత్తుకుపోతారు. అప్పుడు టైర్లలో ఎంత ఉన్నా ఒకటే.

కాబట్టి నా మనవి చిన్నది. ఈసారి ఆయన వచ్చి అర పాయింటు గురించి అడిగితే, ముల్లును ఇరవైకీ అరవైకీ మధ్య ఊపుతూ ఉండండి. పాడైపోయారనుకుని పక్కన పెట్టేస్తారు. ఎలాగూ ఆయనకు ఇంకో గేజీ ఉంది, అది మీతో ఏనాడూ ఏకీభవించలేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: డిక్కీలో స్టెప్నీ ఒకటి పడి ఉంటుంది. సన్నరకం తాత్కాలిక టైరైతే దానికి 60 పీఎస్‌ఐ కావాలి, బండిలో అన్నిటికంటే ఎక్కువ. దాన్ని కూడా ఓసారి పలకరించండి. వెనక రెండూ పేలాక ఆయన ఇంటికి చేరాల్సింది దాని మీదే. పేలేవి రెండు, ఉన్నది ఒకటి. ఆ తీసివేత ఆయన ఇంకా చేసుకున్నట్టు లేదు.