పై అంతస్తు తట్టడవు

చెన్నై పశ్చిమ మాంబళంలో మా ఇంటి పైకప్పే పై అంతస్తు నాట్యశాలకు నేల. ఆ విధంగా ఆరేళ్లుగా నేను భరతనాట్యాన్ని కింది నుంచి అభ్యసిస్తున్నాను. పాదంతో నేలను కొట్టే తొలి పాఠం తట్టడవు, మూడో కాలం (అన్నిటికన్నా వేగం) అందుకుంటే మా వంటింట్లో ఏ గిన్నె ముందు మోగుతుందో చెప్పగలను. ఈ అర్హతతోనే, నాట్యలోకంలో కొత్తగా తలెత్తిన ‘గాయాల నివారణ’ అనే దురాచారాన్ని ఖండించడానికి పూనుకున్నాను.

వీళ్ల మొదటి ఫిర్యాదు నేల మీద. కాంక్రీటు శ్లాబు మీద టైల్స్ పనికిరావట, అడుగున కాస్త ఖాళీ వదిలి చెక్క పరచాలట. కాంక్రీటంత నిజాయతీ గల పదార్థం లోకంలో ఉందా? ఎవరి బాకీ ఉంచుకోదు. పిల్ల ఎంత బలంగా కొడితే అంతా అక్కడికక్కడే మడమకూ మోకాలికీ నడుముకూ చెల్లించేస్తుంది. చెక్క అలా కాదు, మధ్యలో కొంత మింగుతుంది. (చెక్క వేస్తే నా గిన్నెలు బతుకుతాయి. సంప్రదాయం కోసం గిన్నెలను త్యాగం చేశాను.)

తరువాత అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు విప్పి సగం కూర్చునే భంగిమ. తుంటి కీలు ఎంత విచ్చుకుంటే పాదాలు అంతే తిప్పాలట, మించితే ఆ మెలిక మోకాలు మోయాలట. మోయనివ్వండి. పాదాలు ఫొటోలో పడతాయి, మోకాలి బాధ పడదు.

ఇక వార్మప్. అది పాశ్చాత్యుల అలవాటని ఒక సభలో గట్టిగా వాదించి వచ్చాను. ఇంటికొచ్చి నాట్యశాస్త్రం తిరగేస్తే, నువ్వుల నూనె గానీ యవల గంజి గానీ ఒంటికి పట్టించి వ్యాయామం చేయాలనీ, బలానికి మంచి ఆహారం కావాలనీ ఉంది. భరతముని సైతం పాశ్చాత్య ప్రభావానికి లోనుకావడం విచారకరం. రంగప్రవేశానికి ముందు ఆడపిల్ల నడుము సన్నబడాలని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. తిండి మరీ తగ్గితే నెలసరి ఆగిపోవచ్చు, ఎముక బలం తగ్గవచ్చు అని వైద్యులంటారు. ఇళ్లలో ఆ మాట పైకి అనరు కాబట్టి అది లేనట్టే.

పై అంతస్తులో పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. మార్గళి సీజనులో, అంటే డిసెంబరు-జనవరి కచేరీల కాలంలో, రంగప్రవేశం. హాలు జూన్‌లో ఖరారైంది, నొప్పి నవంబరులో వచ్చింది. అంటే హాలుకే సీనియారిటీ.

“బాబాయి గారూ, మోకాలి కింద ముందరి ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే చాలు, ప్రాణం పోతోందంటోంది. రాత్రిళ్లు కూడా నిద్ర లేదు,” అంది వాళ్లమ్మ.

“టీచరమ్మకు చెప్పావా అమ్మా?”

“చెబితే వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారండీ!”

బామ్ రాశారు. వేడినీళ్లు పోశారు. దిష్టి తీశారు. చివరికి ఎముకల నాటువైద్యం, పుత్తూరు కట్టు. చెన్నైలో ఎన్ని వీధుల్లో ఆ బోర్డు కనిపిస్తుందో చూస్తే, తిరుపతి దగ్గరి ఊరి పేరుకు మన ఛాతీ ఉప్పొంగాలి. కట్టుతో ప్రాక్టీసు చేయవచ్చా అని మాత్రం అక్కడ అడగలేదు, వద్దంటారని.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పదేపదే దెబ్బ తగలడం వల్ల వచ్చే సన్నని పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు, ఎంఆర్‌ఐ తీయిద్దాం, పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు గెంతకూడదు అని డాక్టరు అన్న మాట ఎవరికీ వినబడలేదు. వేళ్ల మీద లెక్కపెడితే ఎనిమిది వారాలు హాలు తేదీని దాటిపోతున్నాయి. కనుక అది పగులు కాదు.

ఖర్చుల పట్టీ వాళ్లు నా చేతే రాయించారు. వాద్యబృందం, నగలు, పూలజడ, వీడియో, భోజనాలు, అతిథులకు తాంబూలం సంచులు. ఫిజియోథెరపీ అని ఒక వరుస కలపబోయాను. అశుభం పలకకండి బాబాయి గారూ అన్నారు. కొట్టేశాను.

నిన్న సాయంత్రం నుంచి ఎడమకాలి చప్పుడు నా పైకప్పు దాకా రావడం లేదు. తాళం ఎక్కడా తప్పలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బకు మోగుతున్నాయి.